పొదలకూరు పండుకాయతో విస్కీ సవర్

మా నాయనకి పొదలకూరు దగ్గర మూడెకరాల నిమ్మతోట ఉంది. నేను నెల్లూరులో ఉంటాను కానీ రెండు వారాలకొకసారైనా తోటకి పోతాను, వచ్చేటప్పుడు బండికి ఒక సంచి తగిలించకుండా ఆయన పంపడు. ఆ సంచిలోవి మార్కెట్‌కి పోయే కాయలు కావు. చెట్టు కింద రాలినవి, పసుపు తిరిగి తోలు పల్చబడినవి, ఎక్కడో ఒక మచ్చ పడినవి. పచ్చికాయ లారీలో ఎంత దూరం పోయినా తట్టుకుంటుంది, బాగా పండింది రెండు రోజులకే మెత్తబడుతుంది కాబట్టి వ్యాపారి దానికి సరైన రేటు కట్టడు. రసం మాత్రం దాంట్లోనే ఉంటుంది.

విస్కీ, నిమ్మరసం, పంచదార పాకం కలిపి ఊపి చేసే విస్కీ సవర్ గురించి రాద్దామని కూర్చుని నిమ్మతోట దగ్గర ఎందుకు మొదలుపెట్టానంటే, ఈ డ్రింకులో విస్కీ కంటే నిమ్మకాయే పెద్దదని రెండేళ్ళుగా చేసీ చేసీ నాకు తేలింది. విస్కీ ఓ మోస్తరుదైనా సర్దుకుపోవచ్చు. నిమ్మరసం పాతదైతే ఎంత ఖరీదైన సీసా పోసినా అంతే. నేను మొదటిసారి తాగింది బెంగళూరులో ఒక బార్లో. సీసాలో నిల్వ ఉంచిన రసం పోశారు, పులుపు ఉంది, వాసన లేదు. ఇదేనా దీని గొప్ప అనుకుని వదిలేశాను. తర్వాత ఇంట్లో బుట్ట నిండా కాయలు మగ్గిపోతుంటే మళ్ళీ గుర్తొచ్చింది.

ఎక్కడ వెతికినా కనిపించే కొలత దాదాపు ఒకటే. విస్కీ 60 ఎమ్మెల్, నిమ్మరసం 30, పంచదార పాకం 20. అచ్చం అలాగే చేశాను, పళ్ళు జిల్లుమన్నాయి. రెండోసారి పాకం పెంచితే షర్బత్‌లో విస్కీ ఒలికినట్టు తయారైంది. మూడోసారి కూడా చెడాక అసలు సంగతి అర్థమైంది. ఆ కొలతలు రాసినవాళ్ళ నిమ్మకాయ వేరు. అమెరికాలో లెమన్ అంటే రెండు చివర్లూ కొంచెం మొన తేలి, మందం తోలుతో ఉండే పెద్ద పసుపు కాయ. మనది గుండ్రంగా, చిన్నగా, కాగితంలాంటి తోలుతో ఉంటుంది, వాళ్ళ భాషలో అది లైమ్. దీని పులుపు సూటిగా నాలుక మీద దిగుతుంది, వాసన కూడా ఘాటు. మనకి రెండింటికీ నిమ్మకాయ అనే ఒకే మాట ఉండటంతో వాళ్ళ కొలత మన కాయకి పెట్టేస్తున్నాం, అక్కడే చెడుతోంది. మన కాయకి నేను కుదుర్చుకున్న లెక్క: విస్కీ 60, నిమ్మరసం 20, పాకం 20. పాకం అంటే పంచదార ఎంతో నీళ్ళు అంతే, కరిగేదాకా వెచ్చబెట్టి చల్లార్చడమే, తీగ పాకం పట్టక్కర్లేదు.

కొలవడానికి ప్రత్యేకంగా ఏమీ కొనొద్దు. దగ్గు మందు సీసా మీద వచ్చే ప్లాస్టిక్ మూత చూడండి, 10 ఎమ్మెల్ దగ్గర గీత ఉంటుంది, వాసన పోయేలా కడిగి అదే వాడుతున్నాను. చేతివాటంగా మాత్రం పోయకండి. చారులో నిమ్మకాయ కొంచెం ఎక్కువైనా అన్నంలో కలిసిపోతుంది, ఇక్కడ అర మూత తేడా కూడా నోటికి తెలుస్తుంది.

కాయ పిండటంలో కూడా పద్ధతి ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కాయ గట్టిగా ఉండి రసం సరిగా ఇవ్వదు, కాసేపు బయట పెట్టాలి. అరచేతి కింద పెట్టి బండ మీద నాలుగుసార్లు దొర్లిస్తే లోపలి తొనలు చితికి కాయ మెత్తగా అవుతుంది. అడ్డంగా కోసి, గింజలు తీసి, చేత్తోనే పిండండి. ప్రెస్సులో పెట్టి తోలు నలిగేదాకా నొక్కితే చివర్లో వచ్చే నాలుగు చుక్కలు చేదు, ఆ నాలుగు చుక్కల కోసం గ్లాసంతా పాడు చేసుకోవద్దు. మంచి పండుకాయ ఒకటి పిండితే నాకు పదిహేను ఎమ్మెల్ దాకా వస్తుంది, అంటే గ్లాసుకి ఒకటిన్నర కాయ. రసం అప్పటికప్పుడు పిండిందే వాడాలి, రాత్రి పిండి పెట్టుకున్నది తెల్లారేసరికి చేదెక్కుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే.

ఇప్పుడు గుడ్డు. విస్కీలో పచ్చి గుడ్డు అనగానే మా ఆవిడ ముఖం తిప్పుకుంది. గుడ్డు వేయకుండా కూడా సవర్ చేసుకోవచ్చు, తప్పేం లేదు, కానీ వేసినదానికి వేయనిదానికి చాలా తేడా ఉంది. తెల్లసొనని గిలక్కొట్టినప్పుడు అందులోని ప్రొటీన్లు విచ్చుకుని గాలిని పట్టుకుంటాయి, ఆ నురగ పులుపుకీ నాలుకకీ మధ్య మెత్తటి దుప్పటిలా అడ్డం ఉంటుంది. ఒక గ్లాసుకి తెల్లసొన సగం చాలు. గుడ్డు తాజాది కావాలి, పెంకు కడిగి పగలగొట్టాలి, పచ్చసొన చుక్క కూడా పడకూడదు. పచ్చి గుడ్డు ఒంటికి పడనివాళ్ళు దీని జోలికి పోకండి. మిగిలిన పచ్చసొన పొద్దున గుడ్డు పొరుటులోకి పోతుంది, మా ఇంట్లో వృథా అంటూ లేదు.

గుడ్డు ముట్టనివాళ్ళకి ఇంకో దారి ఉంది, ఇది నాకు ఒంగోలు స్నేహితుడి వల్ల తెలిసింది. వాళ్ళ వైపు శనగ పంట ఎక్కువ కదా, ఇంట్లో కాబూలీ శనగలు తరచూ ఉడుకుతుంటాయి. ఆ ఉడికిన నీళ్ళు జిగురుగా ఉంటాయి చూడండి, ఉప్పు వేయకుండా ఉడికించి, చల్లారాక రెండు మూతలు వేస్తే తెల్లసొనలాగే నురగ కడుతుంది. మొదట నమ్మలేదు. చేసి చూశాక, ముందే చెప్పకపోతే తేడా కనుక్కోవడం కష్టమని ఒప్పుకున్నాను.

డ్రింకులు ఊపి కలిపే షేకర్ నా దగ్గర లేదు, స్టీలు వాటర్ బాటిల్‌తో కానిస్తున్నాను. మూతి వెడల్పుగా ఉండేది తీసుకోండి. అన్నీ పోసి, ఐస్ వేయకుండా ముందు పదిహేను ఇరవై సెకన్లు గట్టిగా ఊపాలి, నురగ కట్టేది ఈ దశలోనే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఐస్ లేకుండా ఊపేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగి మూతని పైకి తంతుంది. మొదట్లో నేను మూత సగం మరే తిప్పి ఊపాను, వంటింటి గోడ నుంచి గ్యాస్ పొయ్యి దాకా అంతా జిగురు, తుడవడానికి అరగంట పట్టింది. మరలు పూర్తిగా బిగించి, మూత మీద అరచెయ్యి అదిమిపెట్టి ఊపండి. తర్వాత మూత మెల్లగా తీసి, ఐస్ నిండా వేసి మళ్ళీ పన్నెండు పదిహేను సెకన్లు. సీసా బయట చెమట పట్టి, పట్టుకున్న వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే చాలు. ఐస్ కరిగి కలిసే నీళ్ళు కూడా ఈ డ్రింకులో భాగమే, అవి లేకపోతే ఘాటు తగ్గదు. కానీ మన ఎండలకి ఐస్ ముందే తీసి గిన్నెలో పెట్టుకుంటే ఊపేలోపే సగం నీళ్ళయిపోతుంది, అప్పుడు పల్చబడుతుంది. రోహిణి కార్తెలో అయితే ఫ్రీజర్లోంచి సూటిగా సీసాలోకే పోవాలి. ఇంకో మాట, మన జిల్లాలో రొయ్యలకి కొట్టే ఐస్ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, అది తాగే నీళ్ళతో చేసింది కాదు, గ్లాసులోకి తేవద్దు.

టీ వడకట్టుతో గ్లాసులోకి వంపాక ఒక నిమిషం ముట్టుకోకుండా ఉంచండి. మొదట అంతా ఒకటే మబ్బు రంగులో ఉంటుంది, చూస్తుండగానే అడుగున లేత తేనె రంగు తేలుతుంది, పైన వేలెడు మందాన తెల్ల నురగ మీగడలా గట్టిపడుతుంది. అప్పుడు నిమ్మతొక్క చిన్న ముక్క కోసి, రంగు వైపు నురగకి తిప్పి రెండు వేళ్ళతో మడవండి. కంటికి ఆనీ ఆననంత తుంపర పడుతుంది. పచ్చి గుడ్డు వాసన ఉంటే దాంతో పోతుంది. బయటివాళ్ళు ఇక్కడ బిట్టర్స్ అనే చేదు మూలికల సారం చుక్కలు వేస్తారు, నాకు తొక్క నూనెతోనే సరిపోతోంది.

విస్కీ సంగతికొస్తే, అసలు పద్ధతిలో బూర్బన్ అనే అమెరికా విస్కీ వాడతారు. అందులో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిల్వ చేయాలి, అందుకే ఆ తీపి, ఆ చెక్క వాసన. మన దగ్గర మామూలుగా దొరికే వాటిలో చాలావరకు చెరుకు మడ్డి (మొలాసిస్) స్పిరిట్‌లో కొంత మాల్ట్, అంటే మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ, కలిపినవి, వాటితో సవర్ కొంచెం ఖాళీగా అనిపిస్తుంది. దానికి నేను పంచదార సగం తగ్గించి తాటిబెల్లం పాకం వేస్తాను, రంగు ముదురుతుంది, రుచికి కొంచెం బరువు వస్తుంది. పూర్తిగా మాల్ట్‌తో, ఒకే బట్టీలో చేసే మంచి సింగిల్ మాల్ట్ విస్కీ మాత్రం ఇందులో పోయను, దాన్ని దానిగానే తాగాలి.

దీన్ని ఫారిన్ డ్రింకు అనడం కూడా నాకు పూర్తిగా నచ్చదు. అమెరికాలో సవర్ కొలతలు పుస్తకంలో అచ్చైంది 1862లో, జెర్రీ థామస్ అనే బార్‌టెండర్ వేయించాడు. దాని వెనక ఉన్నది పంచ్ అనే ఇంకా పాత డ్రింకు. సారా, నిమ్మరసం, పంచదార, నీళ్ళు, మసాలా, ఈ ఐదూ కలిపేవాళ్ళు కాబట్టి మన ‘పంచ’ నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1632 నాటి ఒక ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఉత్తరంలో ఆ మాట ఉంది. ఆ రోజుల్లో కంపెనీవాళ్ళకి ఇంకా మద్రాసు లేదు, ఈ తీరంలో వాళ్ళకున్న స్థావరాల్లో మన దుగరాజపట్నం ఒకటి. వాళ్ళు పిండిన కాయ మన చిన్న కాయే అయ్యుంటుందని నా నమ్మకం.

ఇంట్లో విస్కీ సీసా అంటే నాకు చాలా రోజులు టెన్షన్, ఎందుకంటే మా జేజి మాతోనే ఉంటుంది. ఆమెది కలిగిరి వైపు ఊరు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకినప్పుడు జేజి కూడా సారాయి అంగడి ముందు కూర్చుంది. మరుసటి ఏడు అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అలాంటి మనిషికి తెలియకుండా గదిలో తలుపేసుకుని తాగడం నా వల్ల కాలేదు, వెళ్ళి చెప్పేశాను. చాలాసేపు నన్నే చూసి, “మేం కూచుంది కూలి డబ్బులు అంగట్లో పోసొచ్చి పెళ్ళాం బిడ్డల్ని కొట్టేవోళ్ళ మీద అబ్బయా. నీ బిడ్డ ముందర తూలబాక, అది చాలు నాకు” అంది. అప్పట్నుంచి మా ఇంట్లో లెక్క, శనివారం రాత్రి, పాప పడుకున్నాక, ఒక్క గ్లాసు. చేయడానికే పది నిమిషాలు పడుతుంది కాబట్టి గటగటా తాగబుద్ధి కాదు. పక్కన రొయ్యల వేపుడు బాగుంటుంది. చేపల పులుసు వద్దు, రెండు పులుపులు కొట్టుకుంటాయి.

పోయిన నెల నాయన నెల్లూరు వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. ఆయన తాగడు, కానీ నేను పిండటం, కొలవటం, ఊపటం అంతా కుర్చీ లాక్కుని చూశాడు. గ్లాసుకి ఎన్ని కాయలు పడతాయని అడిగాడు. ఒకటిన్నర అన్నాను. “బెంగళూర్లో దీన్ని ఎంతకమ్ముతారు?” ఆరొందలు, పైన పన్ను అని చెప్పాను. ఏం మాట్లాడలేదు. 2022 ఏప్రిల్‌లో కాయ ఒక్కటి పది రూపాయలు పలకడం చూసిన మనిషి ఆయన, ఈ మధ్య మాత్రం కోత కూలి కూడా రావట్లేదని కాయ చెట్టు మీదే వదిలేశాడు. కాసేపటికి లేచి, బుట్టలో కాయలు ఒక్కొక్కటే తీసి బొటనవేలితో నొక్కి చూసి, మచ్చ ఉన్నవి పక్కకి పెట్టాడు.

మొన్న ఆదివారం తోట నుంచి రెండు సంచులు ఇచ్చాడు. ఒకటి ఎప్పటిలా ఊరగాయకి, పులిహోరకి. రెండోదాంట్లో అన్నీ పండుకాయలే, ఒకే సైజువి, ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు.