భాగీరథి నాయన

ఆదివారం. పొద్దున్నుంచి కొళాయిలో నీళ్లు లేవు. బెంగళూరులో ఇదేం వార్త కాదు. పక్కింటి అక్క జొన్నరొట్టెలు తడుతూ ‘కెరెగె హార’ (చెరువుకు బలి) అనే కన్నడ జానపద కథాపాట అందుకుంది. వాళ్లది విజయపుర వైపు. ఆ జిల్లాలోని హలసంగి ఊరి సాహిత్య మిత్రబృందమే ఆడవాళ్ల నోట విన్న త్రిపదులను, అంటే మూడు పాదాల పాటలను, ‘గరతియ హాడు’ (ఇల్లాలి పాట) అనే పుస్తకంగా అచ్చువేసింది. అక్కకు వచ్చిన పుట్టింటి పాటల్లో అమ్మా అన్నలే ఎక్కువ, తండ్రి ఎప్పుడో గానీ రాడు. ఈ పాటలో వస్తాడు.

ఊరిపెద్ద మల్లనగౌడ చెరువు తవ్విస్తే చుక్క నీరు పడలేదు. కోడల్ని బలివ్వాలన్నారు. పెద్దకోడల్ని వదిలి చిన్నకోడలు భాగీరథి మీదికొచ్చారు. (మా అనంతపురం పక్క బుక్కరాయసముద్రంలో చెరువు తెగినప్పుడు ప్రాణమిచ్చిన ముసలమ్మ కూడా కోడలే. ఊరి నీళ్లకు పరాయింటి పిల్లే దొరుకుతుంది కాబోలు.) మొగుడు దండులో ఉన్నాడు. సంగతి తెలిసి ఆ పిల్ల పుట్టింటికి పోతుంది.

కన్నీళ్లెందుకని తండ్రి అడుగుతాడు. అత్తమామలు వేరు పెడతారంట అని అబద్ధం చెబుతుంది. పెడితే పెట్టనీ, పొలమూ ఇల్లూ నేనిస్తానంటాడు. చివరికి స్నేహితురాలికి మాత్రం నిజం చెబుతుంది.

ఆడపిల్లకు పొలమిస్తానని నోరు తెరిచి అనేవాళ్లు మావైపు ఇప్పటికీ అరుదు. మంచివాడే. కానీ వేరు కాపురానికి ఎవరైనా అంతలా ఏడుస్తారా అని ఒక్కసారైనా అనుమానం రాలేదా? మా నాయనా అంతే, ఫోన్లో నా గొంతు తేడాగా ఉంటే “డబ్బులేమన్నా పంపాల్నా?” అంటాడు. నేనూ సరే, జలుబని చెప్పేస్తాను.

“తెలిస్తే మాత్రం గౌడతో కొట్లాడతాడా?” అంది అక్క. నాకు ఇంకోటి తోచింది. నిజం చెబితే ఊరి చెరువా, కూతురా అని ఆయన తేల్చుకోవాల్సి వచ్చేది. ఏదంటాడో వినే ధైర్యం ఆ పిల్లకు లేకపోయిందేమో. అక్క ఒప్పుకోలేదు. “ముసలాయన్ను ఏడిపించడం ఎందుకనుకుంది, అంతే” అంది.

భాగీరథి చెరువుకు బలైపోయాక మొగుడు మాదేవరాయ తిరిగొచ్చి వెతుక్కుంటాడు. అతనికీ నిజం చెప్పేది ఆ స్నేహితురాలే. అతనూ అదే చెరువులో దూకుతాడు. తండ్రి ఏమయ్యాడో పాటలో లేదు. పొలం మాత్రం ఆయన దగ్గరే ఉండి ఉంటుంది.