ముఖాలున్న చోట పేర్లు లేవు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊళ్ళో, రాయల్ పెవిలియన్ అనే పాత రాజభవనం పక్కన డోమ్ అనే పెద్ద హాలుంది. 1915లో అక్కడ తీసిన ఒక ఫోటోని నేను మళ్ళీ మళ్ళీ తెరిచి చూస్తుంటాను. పైన గుండ్రటి గోపురం, మధ్యలో వేలాడుతున్న భారీ షాండ్లియర్, గోడల నిండా నగిషీలు. కింద వరసలు వరసలుగా మంచాలు, తెల్లటి పక్కలు, వాటి దగ్గర తలపాగాలతో మనవాళ్ళు. ఫ్రాన్స్ యుద్ధంలో దెబ్బలు తిని వచ్చిన భారతీయ సిపాయిలు. కొందరు నేరుగా కెమెరా వైపే చూస్తున్నారు.

ఫోటో కింద హాలు పేరుంది, సంవత్సరం ఉంది, తీసినాయన ఏ.హెచ్. ఫ్రై అని కూడా ఉంది. మంచాల మీద ఉన్నవాళ్ళలో ఒక్కడి పేరు కూడా లేదు.

కొన్నేళ్ళుగా రాత్రి భోజనాలయ్యాక ఇలాంటి ఫోటోలు చూడటం నాకు అలవాటైపోయింది. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళు, బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళు చాలా ఫోటోలు నెట్‌లో పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం అధికారిక ఫోటోలకి క్యూ అనే అక్షరంతో నంబర్లుంటాయి. రెండో యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా, ఇటలీ ఫోటోలకి ఎన్ఏ అని ఉంటుంది. ఎన్ని చూసినా ఒకటే వరస. తెల్ల అధికారి ఉంటే హోదాతో సహా పూర్తి పేరు వేస్తారు. పక్కన నిలబడ్డ మనవాడు 'ఒక భారతీయ సైనికుడు', లేకపోతే 'ఒక సిక్కు', 'ఒక గూర్ఖా'. నాకు కడుపు మండేది ఇక్కడే.

బ్రైటన్ ఫోటోలు ఊరికే తీసినవి కావు. 1914 డిసెంబరులో ఆ భవనాన్ని ఆసుపత్రిగా మార్చినప్పుడు కులాలూ మతాలూ చూసి వేరువేరు వంటశాలలు కట్టారు, మంచినీళ్ళ కుళాయిలు కూడా వేరుగా పెట్టారు. రాజు తన సొంత భవనమే సిపాయిలకి ఇచ్చేశాడన్న మాట ఇండియాలో పల్లెలదాకా చేరాలని ప్రభుత్వం కోరిక. నిజానికి ఆ భవనం అప్పటికే ఎన్నో ఏళ్ళుగా మునిసిపాలిటీ చేతిలో ఉంది. ఫోటోలతో పోస్టుకార్డులు వేశారు. ఇంగ్లీషు, గురుముఖి, ఉర్దూల్లో ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేశారు. అదే ఊళ్ళో కిచెనర్ పేరుతో ఇంకో భారతీయ ఆసుపత్రి ఉండేది. అక్కడ మనవాళ్ళు బయటికి పోకుండా ముళ్ళకంచె వేసి కాపలా పెట్టారు. ఆ కంచె ఏ పోస్టుకార్డు మీదా రాలేదు.

1915 ఆగస్టు 25న ఐదో జార్జి రాజు స్వయంగా ఆ పెవిలియన్‌కి వచ్చి మీర్ దస్త్ అనే మనవాడికి విక్టోరియా క్రాస్ అనే అతి పెద్ద శౌర్య పతకం ఇచ్చాడు. బెల్జియంలో ఈప్ర దగ్గర విషవాయువు దాడిలో కూడా సాటివాళ్ళని మోసుకొచ్చిన మనిషాయన. ఆయన పేరు ఈ రోజుకీ ఫోటో కింద ఉంది. ఉండాలి కూడా. కానీ పేరు దక్కడానికి మనిషి అంత పని చెయ్యాలా?

ఫ్రాన్స్ ఫోటోల సంగతి ఇంకోలా ఉంటుంది. మనవాళ్ళు మార్సెయ్ రేవులో దిగింది 1914 సెప్టెంబరులో. ఆ మరుసటి ఏడాది వేసవిలో గిర్డ్‌వుడ్ అనే కెనడా మనిషి భారతీయ దళాల ఫోటోలు తియ్యడానికి వెళ్ళాడు. ఆగస్టు 9న ఫోకిసార్ దగ్గర కందకంలో తీసిన ఫోటోలో స్కాట్లండ్ హైలాండర్లూ మన డోగ్రాలూ ఒకే కందకంలో ఉన్నారు. అది నాకు ఇష్టమైన ఫోటో. ఆయనే తీసిన గూర్ఖాల 'దాడి' ఫోటోలు మాత్రం యుద్ధరంగంలోవి కావు. ముందు వరసకి వెనకాల, శిక్షణ చోట చేయించినవి. నిజం దాడి ముందు నిలబడి అప్పటి బరువైన కెమెరాతో అంత స్పష్టంగా తియ్యడం కుదిరే పని కాదు. వాట్సాప్‌లో ఎవరైనా 'అరుదైన యుద్ధ చిత్రం' అని పంపితే నేను ముందు చూసేది కెమెరా ఎక్కడ నిలబడి ఉందన్నదే. శత్రువు వైపు నుంచి తీసినట్టుంటే అది నాటకమే.

రంగులేసిన ఫోటోల గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు ఫోన్లో ఒక్క బటన్ నొక్కితే రంగులొచ్చేస్తున్నాయి. నాకు అవి అస్సలు నచ్చవు. ఆ రోజుల్లో కెమెరాల్లో ఫిల్ముకి బదులు ఎక్కువగా వాడిన గాజు ప్లేట్లకి ఎరుపు కనపడేది కాదు. ఎర్ర తలపాగా నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోయి తెల్లబారుతుంది. మనవాళ్ళ ఒంటి రంగు కూడా ఉన్నదానికన్నా ముదురుగా వస్తుంది. ఇవేమీ తెలియని యంత్రం తనకి తోచిన రంగు వేసేస్తుంది. పేరు ఎటూ పోయింది, కనీసం ముఖమైనా ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వాలి కదా.

విమానాలు నడిపినవాళ్ళ విషయంలో ఈ బాధ లేదు, ఎందుకంటే వాళ్ళు అధికారులు. హర్‌దిత్ సింగ్ మాలిక్ తలపాగా మీద పట్టేలా పెద్ద హెల్మెట్ చేయించుకుని సాప్‌విత్ కేమెల్ అనే యుద్ధవిమానం నడిపాడు. 1917 అక్టోబరులో కాలికి తగిలిన తూటాలు జీవితాంతం ఆయన కాల్లోనే ఉండిపోయాయి. స్వతంత్రం వచ్చాక అదే ఫ్రాన్స్‌కి మన రాయబారిగా వెళ్ళాడు. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్‌ది ఇంకా గుండె పట్టేసే కథ. 1918 జులైలో, రెండు వారాలు కూడా నిండకుండా పది విమానాలు కూల్చి, 22వ తేదీన తానే కూలిపోయాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఫ్రాన్స్‌లో ఎస్తెవెల్ అనే చిన్న ఊరి శ్మశానంలో ఆయన సమాధి ఉంది. యూనిఫాంలో ఉన్న ఆయన ఫోటో చూస్తే ఇంటర్ చదివే కుర్రాడిలా ఉంటాడు. పేరు, ఊరు, చదివిన స్కూలు, నడిపిన విమానం, అన్నీ తెలుసు. ఒక మనిషి గురించి ఇంత తెలియడం సాధ్యమేనని ఆయన ఫోటో చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

సిపాయిల పేర్లు అసలు లేవా అంటే ఉన్నాయి, కాకపోతే వేరే చోట. ఫ్రాన్స్‌లో నవ్ షాపెల్ దగ్గర భారతీయ సైనికుల స్మారకం మీద 4,700 పైగా పేర్లున్నాయి. సమాధి కూడా దొరకనివాళ్ళు వాళ్ళు. యుద్ధాల్లో పోయినవాళ్ళ సమాధులూ స్మారకాలూ చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో వెతికితే పేరు, నంబరు, రెజిమెంటు, కొన్నిసార్లు తండ్రి పేరు, ఊరు కూడా వస్తాయి. ముఖం మాత్రం రాదు. ఒక చోట ముఖాలు, ఇంకో చోట పేర్లు. ఈ రెంటినీ కలిపే కాగితం ఎక్కడా లేదు.

ఇరాక్‌లో అయితే పేర్లు కూడా లేవు. అప్పట్లో దాన్ని మెసొపొటేమియా అనేవాళ్ళు. అక్కడికి వెళ్ళిన దళాల్లో మన మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలో ఇంజనీరు పనులు చేసేవాళ్ళు, కూడా ఉన్నారు. మనకి దగ్గరి మనుషులు. బస్రా స్మారకం మీద బ్రిటిష్ వాళ్ళవీ, భారతీయ అధికారులవీ పేర్లు చెక్కారు. మామూలు సిపాయిలకి మాత్రం రెజిమెంటు పేరు రాసి, ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. ఈ తేడా చూపించడం తప్పేనని ఆ కమిషనే 2021లో ఒప్పుకుంది. కనీసం 1,16,000 మందికి, ఎక్కువమంది ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వైపు వాళ్ళే, పేరుతో గుర్తింపు దక్కలేదని, అసలు లెక్క అంతకన్నా చాలా ఎక్కువ ఉండొచ్చని ఆ నివేదికలో రాశారు. నూరేళ్ళు పట్టింది ఆ మాట రావడానికి.

పేరుతో పాటు మనిషి గొంతు కూడా దొరికే ఒకే ఒక్క చోటు నాకు తెలిసినంతలో జర్మనీ. బెర్లిన్‌కి దగ్గర్లో వున్స్‌డార్ఫ్‌లో అర్ధచంద్ర శిబిరం అని ఖైదీల శిబిరం ఉండేది. ముస్లింలతో పాటు హిందువుల్నీ సిక్కుల్నీ కూడా అక్కడ పెట్టారు. భాషలు రికార్డు చెయ్యాలని పరిశోధకులొచ్చి ఖైదీల చేత గ్రామఫోను గొట్టంలోకి మాట్లాడించారు. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి మాట్లాడాడు. హిందుస్తాన్‌లో వెన్న తినే మనిషి ఒకడుండేవాడని, వాడు ఇప్పుడు జర్మనీలో ఖైదీ అని, మళ్ళీ హిందుస్తాన్ చేరితే మళ్ళీ వెన్న తింటాడని చెప్పాడు. తన గురించే, వేరే ఎవరి గురించో చెప్పినట్టు. ఆ రికార్డు ఇప్పటికీ బెర్లిన్ హంబోల్ట్ యూనివర్సిటీ సేకరణలో ఉంది. కాగితం మీద పేరు, తేదీ, భాష, అన్నీ రాసి పెట్టారు. ఖైదీని వస్తువులా చూసినవాళ్ళు కూడా పేరు రాయడం మర్చిపోలేదు. పనికొచ్చిన సిపాయి పేరు మాత్రం అతన్ని యుద్ధానికి తీసుకెళ్ళినవాళ్ళు రాయలేదు.

ఇదంతా నాకెందుకంటే మా ఇంట్లో కూడా అలాంటి ఫోటో ఒకటుంది. మా అమ్మమ్మ తమ్ముణ్ణి ఇంట్లో అందరూ మిలట్రీ తాతయ్య అనేవాళ్ళం. వాళ్ళది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కలే మిలట్రీ మాధవరం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు కాబట్టి దానికి ఆ పేరే స్థిరపడిపోయింది. తాతయ్య మద్రాస్ సాపర్లలో చేరి బెంగుళూరులో శిక్షణ పొంది రెండో యుద్ధంలో ఇటలీ వెళ్ళాడు. రోడ్లు వెయ్యడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు ఏరెయ్యడం సాపర్ల పని. 1944 ఫిబ్రవరిలో ఇటలీలోనే సుబేదార్ సుబ్రమణ్యం అనే మద్రాస్ సాపర్, పక్కవాళ్ళని కాపాడటానికి మందుపాతర మీద పడి ప్రాణమిచ్చాడు. ఆయనకి చనిపోయాక జార్జి క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు. తాతయ్యకి ఆయన తెలుసో లేదో అడిగే వయసు నాకు అప్పట్లో లేదు.

మా ఫోటో స్టూడియోలో తీసింది. వెనక తెర మీద మెట్లు, పూలకుండీ గీసి ఉన్నాయి. ఐదుగురు. ఇద్దరు కుర్చీల్లో, ముగ్గురు నిలబడి. నిలబడ్డవాళ్ళలో మధ్యలో ఉన్నది తాతయ్య. ముగ్గురి తలల మీద మద్రాస్ సాపర్లకి మాత్రమే ఉండే దుప్తా ఉంది, అంచు లేకుండా నిట్టనిలువుగా నిలబడే టోపీ. మా పిన్నిని అడిగాను, మిగతావాళ్ళు ఎవరని.

"ఏమో అమ్మాయ్, మావయ్య చెప్పేవాడు. కుడివైపు వాడిది అనకాపల్లి వైపు అనీ, ఇంకోడు అరవ వాడనీ. అప్పుడు మనకేం పట్టింది?" అంది.

ఐదుగురిలో నలుగురి పేర్లు మా ఇంట్లోనే పోయాయి. మ్యూజియం వాళ్ళ మీద నాకున్న కోపం ఆ రోజు సగం మా ఇంటి మీదకి మళ్ళింది.

తాతయ్య పేరు మాత్రం ఇంకో చోట దొరికింది. పిన్ని బీరువాలో రేకు డబ్బాలో రెండు స్టార్లున్నాయి, యుద్ధంలో పనిచేసినందుకు ఇచ్చిన నక్షత్రం ఆకారం పతకాలు. ఒకటి ఇటలీ స్టార్, రిబ్బను ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, మళ్ళీ తెలుపు, ఎరుపు. వెనక్కి తిప్పితే నంబరు, హోదా, పేరు, దళం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టి ఉన్నాయి. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకి ఈ స్టార్లు పేరు లేకుండానే ఇచ్చారు. ఇండియా వాళ్ళకి, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వాళ్ళకి మాత్రం పేరు కొట్టి ఇచ్చారు. ఈ ఒక్క విషయంలో మనకే మేలు జరిగింది. చాలా ఇళ్ళలో ఈ సంగతి తెలియక స్టార్లని తూకానికి అమ్మేస్తున్నారు. దయచేసి అమ్మకండి. వెనక్కి తిప్పి చూడండి. ఇత్తడి తోమినట్టు చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

ఫోటో ఉంటే ఫ్రేములోంచి మెల్లగా తీసి వెనక వైపు కూడా స్కాన్ చెయ్యండి. స్టూడియో ముద్ర, తేదీ, ఒక్కోసారి పోస్టల్ అడ్రసు దొరుకుతాయి. పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిలుతో, ఎడమ నుంచి ఎవరెవరో తెలిసినంతవరకు వెనక రాయండి. భుజం మీద అక్షరాలు, టోపీ మీద బ్యాడ్జీ, ఛాతీ మీద రిబ్బన్లు పెద్దవి చేసి విడిగా దాచుకోండి.

మా ఫోటో కింద పెడుతున్నాను. రంగులేమీ వెయ్యలేదు. కుర్చీలో ఎడమవైపు ఉన్నాయనకి మీసం సన్నగా ఉంది, గడియారం కనపడేలా చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. కుడివైపు నిలబడ్డ ఆయన చెయ్యి తాతయ్య భుజం మీద ఉంది. పిన్ని చెప్పిన అనకాపల్లి ఆయన బహుశా ఈయనే. విశాఖపట్నం, అనకాపల్లి వైపు మీ ఇంట్లో తాతగారో ముత్తాతగారో మద్రాస్ సాపర్లలో ఉండి ఇటలీ వెళ్ళి ఉంటే, ఇదే తెర ముందు తీసిన ఫోటో మీ దగ్గర కూడా ఉండొచ్చు. స్టార్ వెనక ఉన్న నంబరు, దళం చూసి నాకు మెయిల్ చెయ్యండి.