గానుగ ముందు గంటసేపు

నువ్వుల నూనె ఆడించడం మొదటిసారి దగ్గరుండి చూశాను. ఎంతసేపు తిరిగినా చుక్క రాదే, నువ్వులు పాడయ్యాయా అని నాకు టెన్షన్! కాసిని నీళ్లు చిలకరించాక పొడి ముద్దకట్టింది, తర్వాత మెల్లగా నూనె ఊరింది. గింజ బరువులో దాదాపు సగం నూనే, కానీ గానుగలో అంతా దిగదు. కొంత తెలగపిండిలోనే ఉండిపోతుంది.

ఈ నూనె త్వరగా ముక్కిపోదు. అందులోని సెసమాల్, సెసమిన్ లాంటి, నూనెను పాడవకుండా కాపాడే సహజ పదార్థాలే కారణం. కొవ్వుల్లో ఎక్కువ భాగం అసంతృప్తమైనవే (అన్‌శాచురేటెడ్), మంచిదే. అలాగని ధారగా పోసుకుంటే ఎలా? గ్రాముకు 9 కేలరీలు దీనికీ తప్పవు.

మడ్డి అడుగుకు దిగేదాకా రెండు రోజులు కదపొద్దన్నారు. నేనేమో గంటకోసారి మూత తీసి వాసన చూస్తున్నాను.