ఫ్యాను రెక్క మీద పేరు

ఈసారి మా తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్‌లో డాన్స్ చెయ్యనంది మా అమ్మాయి. పదకొండో క్లాసు కదా, పరీక్షలంటుంది, సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసంటుంది అనుకుని వాటికి జవాబులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అది చెప్పింది వేరే. "స్పాన్సర్ల బ్యానర్ మీద నీ పేరుంటే చెయ్యను నాన్నా. తీసేయిస్తే చేస్తా."

నా గొయ్యి తవ్వుకున్నది నేనే. రెండు వారాల క్రితం రాత్రి భోజనాల దగ్గర అది నైజరీ కెనడీ గురించి చెప్పడం మొదలుపెట్టింది. సాఫ్ట్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చర్, వీళ్ల తరానికి దేవత. 2024లో స్టాన్‌ఫర్డ్ వదిలి లబ్బక్‌లో టెక్సస్ టెక్ యూనివర్సిటీకి మారింది. ఒక్క ఏడాదికి ఒప్పందం 10,50,024 డాలర్లు, ఆ చివరి 24 ఆమె జెర్సీ నంబరట. ఇచ్చింది యూనివర్సిటీ కాదు, మాటడోర్ క్లబ్ అని దాతలంతా కలిసి పెట్టుకున్న సంస్థ. దాని వెనకున్న పెద్ద మనుషుల్లో ఒకరు కోడీ క్యాంప్‌బెల్, ఒకప్పుడు అక్కడే ఫుట్‌బాల్ ఆడి తర్వాత ఆయిల్ వ్యాపారంలో సంపాదించినాయన, ఆ యూనివర్సిటీని నడిపే రీజెంట్స్ బోర్డులో కూడా ఉన్నాడు. అంత పెట్టినా 2025 ఫైనల్లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ చేతిలో ఓడిపోయారనుకోండి.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. మా ఇంటికి అరగంట దూరంలో, డాలస్‌లో ఉన్న ఎస్ఎంయూ, అంటే సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ కథ ఎత్తుకున్నాను. ఓ దాత ఇచ్చిన డబ్బులోంచి 13 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లకి రూల్స్‌కి విరుద్ధంగా, రహస్యంగా 61,000 డాలర్లు ముట్టాయని తేలి, 1987లో కాలేజీ ఆటల్ని నడిపించే ఎన్‌సీఏఏ ఆ టీమ్‌ని ఏడాదిపాటు మూయించింది. దాన్ని మరణశిక్ష అనే అంటారు. అంతకుముందు అక్కడి బోర్డు చైర్మన్‌గా ఉండి, ఆ చెల్లింపులు కానివ్వండి అన్న బిల్ క్లెమెంట్స్ అప్పటికి టెక్సస్ గవర్నరు! అదే ఎస్ఎంయూ ఏసీసీ అనే పెద్ద కాలేజీ లీగ్‌లో చేరడానికి తొమ్మిదేళ్లు టీవీ డబ్బు వదులుకుంటామని ఒప్పుకుంటే, 2023లో దాతలు ఒక్క వారంలో 10 కోట్ల డాలర్లు పోగేశారు. అందరూ చప్పట్లు. ఆ ఏడాదే టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని ఒప్పందం మధ్యలో పంపించేశారు, ఇంటికెళ్లినందుకు ఆయనకి 7 కోట్ల 60 లక్షల డాలర్ల పైచిలుకు ఇవ్వాల్సి వచ్చింది. చదువు చెప్పేచోట డబ్బున్నవాడి పెత్తనమేంటి, ఎవరు ఆడాలో ఎవరు నేర్పాలో వాడు చెప్పడమేంటి అని పప్పన్నం చల్లారేదాకా మాట్లాడాను.

"కోచ్‌కి ఎన్నేళ్ల నుంచో కోట్లిస్తున్నారు, ఆడే పిల్లలకి 2021 దాకా స్కాలర్‌షిప్పులు తప్ప తమ పేరు మీద సంపాదించుకునే వీలే లేదు. అప్పుడు కోపం రాలేదా నాన్నా నీకు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేక ట్యాక్సుల్లోకి దూరాను. మంచి సీట్ల టికెట్లు కొనే హక్కు కోసం ముందు విరాళం కట్టాలి, 2017 దాకా అందులో 80 శాతం ట్యాక్సు కట్టే ఆదాయంలోంచి తగ్గించుకునేవాళ్లు తెలుసా, అన్నాను.

"మరి ఉగాదికి నువ్విచ్చింది తగ్గించుకోలేదా?"

తగ్గించుకున్నాను. మా ఆఫీసు కూడా అంతే మొత్తం కలిపింది, దాని రసీదూ జాగ్రత్తగా దాచుకున్నాను. మా ఆవిడ మధ్యలోనే పెరుగు తేవడానికని లేచి వెళ్లిపోయింది, నవ్వు ఆపుకోలేక అని నా అనుమానం.

అసలు సంగతి ఇది. మూడేళ్ల క్రితం మా పిల్లకీ దాని ఫ్రెండుకీ సాయంత్రం నాలుగున్నరకి స్లాట్ ఇచ్చారు. కుర్చీలింకా సర్దుతున్నారు, సౌండ్ చెకింగ్ నడుస్తోంది, చూసింది మేం నలుగురమే. నాకు కడుపు మండింది. తర్వాతి ఏడాది చెక్కు రాసి గోల్డ్ స్పాన్సర్ అయ్యాను. మా పిల్ల ఐటమ్ ముఖ్య అతిథి ప్రసంగానికి ముందుకొచ్చింది, హాలు నిండా జనం. నేను అడగలేదు. వాళ్లూ ఇందుకే అని చెప్పలేదు. ఎస్ఎంయూలో కూడా ఇలాగే అడక్కుండానే జరిగి ఉంటుందేమో. ఆ ఫ్రెండు మాత్రం నాలుగున్నరలోనే ఉండిపోయింది. వాళ్ల నాన్న మా ఆఫీసే, హెచ్1 రెన్యువల్ టెన్షన్‌లో ఉన్నాడు, చెక్కులు రాసే పరిస్థితి కాదు.

"తను నాకంటే బాగా చేస్తుంది, నీకూ తెలుసు," అంది అమ్మాయి. "నేను బాగా చేస్తాననే మార్చారనుకున్నా నాన్నా." ఈ మాట కోపంగా అని ఉంటే బావుండేది. మామూలుగా అంది, ప్లేటు తీస్తూ.

ఇక్కడ సలహా రాద్దామనే మొదలుపెట్టాను. పేరు లేకుండా ఇవ్వండి, పిల్లలున్నచోట ఇవ్వకండి, ఇలాంటివేవో. కానీ స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె ఎవరు కడతారు, ఆదివారం తెలుగు బడి ఎలా నడుస్తుంది? పైగా నాకు నా పేరు చూసుకోవడం ఇష్టం, అబద్ధమెందుకు. మా తాతగారు ఊళ్లో రామాలయానికి ఫ్యాను ఇచ్చి, మూడు రెక్కల మీదా పేరు రాయించాడు. తిరుగుతుంటే పేరు కనబడదు కదా, అందుకని చుట్టాలొస్తే ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపించి చూపించేవాడు. చిన్నప్పుడు ఆ చెమటలో నిలబడి తెగ నవ్వుకునేవాణ్ణి.

మొన్న సంఘం కార్యదర్శి మెసేజ్ పెట్టాడు: "అన్నా, పోయినేడాది లోగోనే వేసెయ్యమంటారా?" ఒక రోజంతా ఆలోచించి, ఈసారి పేరొద్దు తమ్ముడూ, డబ్బు మాత్రం పంపిస్తాను అని రాశాను. కాస్త గర్వంగానే రాశాను. అమ్మాయి కూడా సరే అంది, ఫ్రెండుతో కలిసి గ్యారేజీలో ప్రాక్టీసు మొదలుపెట్టింది.

రాత్రి జవాబొచ్చింది. "మీ పెద్దమనసు అన్నా. పాప స్లాట్ మాత్రం ఎప్పటిలాగే చీఫ్ గెస్ట్ ముందే ఉంచాం, మీరు నిశ్చింతగా ఉండండి."

కింద గ్యారేజీలోంచి జతులు వినబడుతున్నాయి. నేను ఒక నమస్కారం బొమ్మ పంపించి ఫోను బోర్లా పెట్టాను.