ఈఎన్19 షాఫ్టు నా పరువు తీసిన కథ

నేను వెల్డర్ని. నిన్న సాయంత్రం ఒక వెల్డింగు పని అప్పజెప్పి వచ్చినా. మంట చల్లారకముందే రాస్తున్నా.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి సీజను, గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు. కాయలెత్తే ఎలివేటరు షాఫ్టుకు ఫ్లాంజి (బోల్టులు బిగించే గుండ్రటి పళ్ళెం) ఊడింది. షాఫ్టు ఈఎన్19 అనే గట్టి ఉక్కు, ఫ్లాంజి మామూలు ఎం.ఎస్., అంటే మెత్త ఉక్కు. పాత వెల్డు గ్రైండు చేయడం, నిలబెట్టడం, టాకింగు (అక్కడక్కడ చుక్క వెల్డు పెట్టి పట్టించడం) గంటలో అయిపోయినాయి.

వెల్డింగు రాడ్డు దగ్గర బోల్తాపడినా. "ఈఎన్19 అంటే గట్టి సరుకన్నా, దానికి గట్టి రాడ్డే పడాల" అని అంగడాయన 11018 అనే రాడ్డు అంటగట్టినాడు. రేటు కూడా గట్టిదే. ఇరవై ఏండ్లుగా హోల్డరు పట్టినోణ్ణి, నాకూ సరే అనిపించింది. ముందురోజు వాన, విప్పిన ప్యాకెట్టు రాత్రంతా బెంచీ మీదే. గ్యాసు మంటతో రెండు నిమిషాలు వెచ్చజేసి కొట్టేసినా. వెల్డు వరస అద్దంలా వచ్చింది. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నా, అదీ నా తెలివి.

పొద్దున్నే ఫోను. పోయేసరికి లైను ఆగిపోయింది. మెయింటెనెన్స్ ఇంజనీరు, నిండా ముప్పై ఉండవు, వెల్డు మీద పగుళ్ళు పట్టిచ్చే ఎర్ర ద్రవం కొట్టి, తుడిచి, తెల్ల పొడి చల్లినాడు. షాఫ్టు వైపు, వెల్డు అంచు పొడుగునా ఎర్రగీత తేలింది. నా ఇద్దరు పిల్లకాయలు, ట్రాక్టరు రైతులు అందరూ చూస్తా ఉండంగా అడిగినాడు.

"రెండిట్లో ఏది మెత్తనన్నా?"

"ఫ్లాంజి సార్."

"మరి గట్టిదాన్ని చూసి రాడ్డు తెచ్చినావే! జాయింటు ఎంత గట్టిగా వేసినా లాగితే ముందు సాగేది ఫ్లాంజే గదా. ప్యాకెట్టు మీద అంకెలేందో తెలుసా?"

తెలియదు. ఎం.ఎస్.కు రోజూ కొట్టే 7018 రాడ్డు కూడా ఇన్నేండ్లూ నాకు పేరే. 70 అంటే చదరపు అంగుళానికి 70 వేల పౌండ్ల బలమంట, 110 అంటే లక్షా పదివేలు. చివరి 8 తక్కువ హైడ్రోజన్ పూత. నా పిల్లకాయల ముందర నాకు పాఠం! మంచోడే, కానీ పక్కకు పిలిచి చెప్తే ఏం పోయింది?

చెప్పింది మాత్రం నిజం. ఈఎన్19లో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటుంది, క్రోమియం, మాలిబ్డినం అదనం. వేడెక్కినాక గబుక్కున చల్లారితే వెల్డు పక్కన పెళుసెక్కుతుంది. తేమ పట్టిన రాడ్డులోంచి హైడ్రోజన్ అక్కడికే చేరుతుంది. గట్టి వెల్డు సాగదు, లాగుడంతా ఆ అంచు మీదే పడుతుంది. వెంటనే పగలదు, రాత్రంతా ఊరించి పొద్దున పగులుతుంది.

రెండోసారి పగులు మొత్తం తోడి, మళ్ళీ ఎర్రరంగు కొట్టి చూసుకున్నా. గాజులమండ్యంలో తెలిసినాయన దగ్గర ఓవెను అడిగి తెచ్చి 7018ని 350 డిగ్రీల్లో గంటపైన కాల్చినా, వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి కొట్టినా. షాఫ్టును 250కి తెచ్చి, టెంపరేచర్ చాక్‌తో (ఫలానా వేడికి కరిగే సుద్దముక్క) చూసుకుంటా, మధ్యలో చల్లారనీలేదు. అయినాక మెల్లగా చల్లారేలా గ్లాస్ ఊలు చుట్టి వదిలేసినా. రెండు రోజులాగి ఎర్రరంగు కొట్టినాం. గీత లేదు.

304 స్టెయిన్‌లెస్ స్టీలును ఎం.ఎస్.కు అతికేటప్పుడు 308 రాడ్డు కాదు, 309ఎల్ రాడ్డు వేయాలని నాకు ఎప్పుడో తెలుసు. అది ఆ ఇంజనీరు నన్ను అడగలేదు.

బిల్లులో సగం కోసినారు. మిగిలిన 11018 అంగడాయన వెనక్కి తీసుకోనంటున్నాడు, "ప్యాకెట్టు విప్పినావు గదన్నా" అంట.