గదిలో మూడు లీటర్ల నీళ్ళు

జలచక్రం పాఠం అనగానే ఏ సైన్సు పుస్తకంలోనైనా అదే బొమ్మ. ఒక పక్క సముద్రం, పైన సూర్యుడు, ఇంకో పక్క కొండ, కొండ మీద మబ్బు, మబ్బు కింద గీతలు గీతలుగా వాన. సముద్రం నుంచి మబ్బు దాకా పైకి పోయే బాణం ఒకటి. పిల్లలు ఆ బాణం గీసి పక్కన ‘బాష్పీభవనం’ అని రాస్తారు, మార్కులు పడిపోతాయి. కానీ అసలు కథంతా ఆ బాణంలోనే ఉందని నా గట్టి నమ్మకం. అందుకే ఈరోజు ఏడో తరగతి చేత బొమ్మ గీయించలేదు. రెండు పీరియడ్లు వరసగా దొరికాయి, రెండూ ఆవిరికే ఇచ్చేశాను.

క్లాసు మొదలవగానే ఒక స్టీలు గ్లాసులో ఐసుముక్కలు, ఎర్ర ఇంకు కలిపిన నీళ్ళు పోసి, మూత పెట్టి, ఎలక్ట్రానిక్ తూకం మీద ఉంచాం. బరువు బోర్డు మీద రాసి దాన్ని అలాగే వదిలేశాం. ఆ తర్వాత కెటిల్.

నీళ్ళు మరిగి మూతిలోంచి తెల్లగా పొగలా వస్తుంటే, “ఆవిరి ఎక్కడుందో చూపించండి” అన్నాను. వేళ్ళన్నీ ఆ తెలుపు వైపే. అది ఆవిరి కాదు అనేసరికి క్లాసంతా గోల. తెల్లగా కనిపించేవి సన్నటి నీటి తుంపరలు. ఆవిరి గాలిలాగే కంటికి కనబడదు. “మరి ఆవిరేది టీచర్?” అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతూనే ఉన్నారు. మామూలుగా నోరు విప్పని పిల్ల ఒకతె ముందు బెంచీలో మెడ సాచి కెటిల్ మూతినే చూస్తోంది. “మూతి దగ్గర ఏమీ లేదు టీచర్. కాస్త ఇవతల నుంచే తెలుపు మొదలవుతోంది” అంది. అదే! వేలి మందాన ఖాళీ, ఆవిరి ఉన్నది అక్కడే. పట్టకారుతో చల్లటి చెంచా ఒకటి ఆ ఖాళీలో పెట్టాను. ముందు మసకబారింది, మసక చుక్కలైంది, చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ చెంచా అంచు నుంచి టపటపా రాలాయి. ఏమీ లేదనుకున్న చోటి నుంచి నీళ్ళు రావడం చూసి వెనక బెంచీల వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

దగ్గరకి రావద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మరిగే నీళ్ళకంటే ఆ ఖాళీ ఎక్కువ ప్రమాదం. ఎందుకో చెప్పడమే ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఒక గ్రాము నీటిని 0 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి వేడి చేయాలంటే 100 కేలరీలు చాలు. అదే గ్రాము నీటిని, ఒక్క డిగ్రీ కూడా పెరగకుండా, ఆవిరిగా మార్చాలంటే ఇంకో 540 కేలరీలు కావాలి. కెటిల్ నీళ్ళలో థర్మామీటరు పెట్టి చూపించాను. 100 దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కరెంటు వెళ్తూనే ఉంది, పాదరసం మాత్రం కదలదు. “మరి ఆ వేడంతా ఎక్కడికి పోతోంది?” సరిగ్గా ఇదే ప్రశ్న 1760లలో జోసెఫ్ బ్లాక్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్తని పట్టుకుంది. వేడి పోవడం లేదు, ఆవిరిలో దాగుతోంది. అందుకే దాన్ని గుప్తోష్ణం అన్నారు. ఆవిరి మళ్ళీ నీరైనప్పుడు, చెంచా మీదైనా చేతి మీదైనా, ఆ దాచుకున్నదంతా ఒక్కసారిగా వదిలేస్తుంది. చెంచా ఎంత వేడెక్కిందో చివరన పట్టుకుని చూసిన కుర్రాడికి ఇక వేరే చెప్పక్కర్లేకపోయింది.

సముద్రాల మీద జరుగుతున్నదీ ఇదే. మరగక్కర్లేదు, మామూలు ఎండకి నీరు ఆవిరైనా ఇంతకంటే కాస్త ఎక్కువ వేడినే తీసుకుంటుంది. ఆ వేడిని మోసుకుని పైకి పోయి, వేల కిలోమీటర్ల అవతల మబ్బై, వానై, అక్కడ దించుతుంది. తుఫాను బలమంతా ఇలా దించిన వేడే. సముద్రం పైపొర దాదాపు 27 డిగ్రీలు దాటి వెచ్చగా ఉన్నచోట తుఫాన్లు బలపడతాయి, నేల మీదికి రాగానే ఆవిరి అందక నీరసిస్తాయి. బాణం గీసి ఊరుకుంటే ఇదంతా పిల్లలకి ఎలా తెలుస్తుంది?

ఇంతలో గ్లాసు సంగతి గుర్తుచేశారు. దాని ఒళ్ళంతా చెమటలు. “గ్లాసు కారుతోంది” అని కొందరు, “ఐసు లోపలి నుంచి వచ్చింది” అని కొందరు. వేలితో తుడిచి చూడమన్నాను. బయటి నీళ్ళలో ఎరుపు ఛాయ కూడా లేదు. తూకం చూస్తే, ఇరవై నిమిషాల్లో అర గ్రాముకు పైగా పెరిగింది. కారి ఉంటే బరువు పెరగడమేమిటి? వాళ్ళలో వాళ్ళే వాదించుకుని, గాలిలోంచే వచ్చిందని తేల్చారు. నేను నోరు తెరవలేదు. ఇలాంటప్పుడు మాట్లాడకుండా ఉండటమే కష్టం, కానీ ఉండాలి.

గాలిలో నీళ్ళున్నాయి సరే, ఎన్ని? రెండు థర్మామీటర్లు తీసుకుని, ఒకదాని బల్బుకి తడిబట్ట చుట్టాం. పొడిది 30 చూపించింది, బట్టలోని నీరు ఆవిరవుతూ వేడి లాగేసుకోవడంతో తడిది 25. పట్టికలో చూస్తే గాలిలో తేమ 67 శాతం. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు చోటులో మహా అయితే దాదాపు 30 గ్రాముల ఆవిరి ఉండగలదు. అందులో 67 శాతం అంటే 20 గ్రాములు. గదిని టేపుతో కొలిచారు: పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3. మొత్తం 144 ఘనపు మీటర్లు. గుణించి చూసుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దగ్గర దగ్గర మూడు లీటర్ల నీళ్ళు! మన చుట్టూ, మన బెంచీల మధ్య. “మరి మనం తడవట్లేదేం టీచర్?” ఎంత మంచి ప్రశ్న! అణువులు విడివిడిగా తిరుగుతున్నంత సేపు అది వాయువే, తడి చేయదు. కలిసి గుంపు కడితేనే నీరు. చల్లబడితేనే కలుస్తాయి, ఆ చల్లదనం గ్లాసు ఇచ్చింది.

ఇక్కడ చాలామంది స్పాంజి పోలిక చెబుతారు, గాలి స్పాంజిలా నీటిని పీల్చుకుంటుందని. నేను చెప్పను. ఎంత ఆవిరి ఉండాలన్నది తేల్చేది గాలి కాదు, ఉష్ణోగ్రత. గాలి మొత్తం తీసేసి ఖాళీ పెట్టెలో నీళ్ళు ఉంచినా దాదాపు అంతే ఆవిరి చేరుతుంది. చిన్నప్పుడు మనసులో పడ్డ తప్పు బొమ్మ తర్వాత చెరగడం చాలా కష్టం.

తడిగాలి బరువా, పొడిగాలి బరువా అని అడిగితే అందరూ తడిగాలే అన్నారు. నీటి అణుభారం 18, నైట్రోజన్‌ది 28, ఆక్సిజన్‌ది 32. బరువైనవి ఉండాల్సిన చోట తేలికైనవి చేరాయంటే? తడిగాలే తేలికని వాళ్ళే చెప్పారు. తడిగాలి పైకి లేస్తుంది, పైన ఒత్తిడి తగ్గి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది, దుమ్ము ధూళి రేణువుల మీద చుక్కలు కడుతుంది. ప్లాస్టిక్ సీసాలో కాసిని గోరువెచ్చని నీళ్ళు, ఆర్పిన అగ్గిపుల్ల పొగ కొంచెం, మూత బిగించి నొక్కి వదిలితే చిన్న మబ్బు. పొగ లేకుండా చేస్తే మబ్బు సరిగా రాలేదు. దీనికి ఎక్కువ సేపు పట్టలేదు.

రెండో పీరియడ్ చివర్లో ఒక లెక్క ఇచ్చాను. ఆకాశంలోని ఆవిరంతా ఒకేసారి వానై కురిస్తే భూమంతా ఎంత ఎత్తున నీళ్ళు నిలుస్తాయి? మీటర్లు అన్నారు, పది మీటర్లు అన్నారు. రెండున్నర సెంటీమీటర్లు, అంతే. ఎవరూ నమ్మలేదు. కానీ భూమి మీద సగటున ఏడాదికి పడే వాన దాదాపు 100 సెంటీమీటర్లు. భాగిస్తే 40. అంటే ఆకాశం ఏడాదికి 40 సార్లు ఖాళీ అయి నిండుతోంది. 365ని 40తో భాగిస్తే తొమ్మిది రోజులు. ఇవాళ పైకి పోయిన ఆవిరి సగటున తొమ్మిది రోజుల్లో మళ్ళీ కిందకి. ఇంత కొద్ది నీరు, అంత పని! ఇది చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, అంత ఇష్టం నాకీ లెక్క.

ఆ కొద్దిపాటి ఆవిరే భూమిని వెచ్చగానూ ఉంచుతోంది. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచి, పొడిగాలి కంటే తడిగాలి ఎక్కువ వేడెక్కుతుందని చూపించింది. 1859లో జాన్ టిండాల్ అనే ఐరిష్ శాస్త్రవేత్త ఇంకా పకడ్బందీగా కొలిచాడు. వేడిని పట్టి ఉంచే వాయువులే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు కాదు, మైనస్ 18. అందులో దాదాపు సగం వాటా నీటి ఆవిరిదే. ఎడారిలో పగలు మాడిపోయి రాత్రి వణికేది ఆవిరి తక్కువ కాబట్టే. ఫుట్ పేరు బోర్డు మీద పెద్దగా రాయించాను. చాలాకాలం ఎవరూ పట్టించుకోని పేరు, మా పిల్లలకైనా తెలియాలి.

థర్మామీటర్లు రెండూ గోడకే ఉంచేశాం. రేపటి నుంచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో వాళ్ళకొక విడ్డూరం కనబడుతుంది: మధ్యాహ్నానికి తేమ శాతం బాగా పడిపోతుంది, గదిలో ఆవిరి మాత్రం దాదాపు అంతే ఉంటుంది. ఇరవై డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 30 దగ్గర 30 గ్రాములు అన్న పట్టిక అప్పుడు బయటికి తీస్తాను. ముందే చెప్పేయను.