నాయిన క్యాసెట్లు మిద్దె దిగి హాల్లోకి వచ్చాయి

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి మిద్దె మీది గదిలో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. దాంట్లో లిరియన్ మ్యూజిక్ సర్వర్ నడుస్తుంది, అంటే దాచిన పాటలను ఇంట్లోని ప్లేయర్లకు నెట్‌వర్క్ మీద పంపే ప్రోగ్రామ్. నాయిన కొన్న క్యాసెట్లు, టేప్‌రికార్డర్ భుజాన వేసుకుని పోయి కురుమూర్తి జాతరలో పట్టిన భజనలు, మా ఊరి మల్లన్న పట్నాలప్పుడు రాత్రంతా సాగిన ఒగ్గు కథలు, అన్నీ ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) ఫైళ్లుగా మార్చి అందులో పెట్టాను. కానీ వినాలంటే మెట్లెక్కాలి. నాయిన మోకాళ్లకు అది కాని పని. ఆయన ఆంప్లిఫయరు, పెద్ద స్పీకర్లు కింద హాల్లో ఉన్నాయి. అందుకే నెట్‌వర్క్ మీద వచ్చే పాటను ఆంప్లిఫయరుకు అందించే నెట్‌వర్క్ స్ట్రీమర్ ఒకటి కొని, పైనున్న సర్వర్‌కు కలిపాను. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మొదట డీఎల్ఎన్ఏ పద్ధతిలో కలిపాను, వేర్వేరు కంపెనీల పెట్టెలు నెట్‌వర్క్‌లో పాటలు పంచుకునే పద్ధతి అది. దాదాపు ప్రతి స్ట్రీమర్‌లో అది ఉంటుంది, పాట కూడా బాగానే వచ్చింది. ఒగ్గు కథ పెట్టాక నాయిన వెంటనే పట్టుకున్నాడు. "నడుమ నడుమ డోలు ఆగుతుందేంది బిడ్డా?" అన్నాడు. క్యాసెట్ ఒక్కో వైపును నాలుగైదు ముక్కలుగా కోసి పెట్టాను, కథలో కావలసిన చోటికి తేలిగ్గా పోవచ్చని. ముక్క మారే ప్రతిసారీ ఒక క్షణం నిశ్శబ్దం. సినిమా పాటలకైతే అది తెలియదు. ఒగ్గు కథలో డోలు దరువు, తాళాలు ఎడతెగకుండా సాగుతుంటాయి, కథకుడి గొంతు దాని మీదే ఎక్కుతుంది. ఒక్క దెబ్బ తప్పినా చెవికి గుచ్చుకుంటుంది.

కారణం ఏమిటంటే, డీఎల్ఎన్ఏలో ఒక పాట నడుస్తుండగానే తర్వాతి పాట అడ్రస్ కూడా ముందుగా ఇచ్చే ఏర్పాటు ఉంది, కానీ దాన్ని పాటించడం అన్ని స్ట్రీమర్లకూ, యాప్‌లకూ చేతకాదు. లేనిచోట ఒక ఫైలు అయిపోయాకే రెండోది మొదలవుతుంది. ఎంపీ3లో ఇంకో తంటా కూడా ఉంది. ఆ ఫార్మాట్ ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొంచెం ఖాళీ చేరుస్తుంది. ఫ్లాక్‌లో ఆ బాధ లేదు. అందుకే కోసి పెట్టే రికార్డింగులకు నేను ఎంపీ3 వాడను.

దీనికి మందు స్క్వీజ్‌లైట్. అది లిరియన్ సర్వర్‌కు తోడుగా ఉండే చిన్న ప్లేయర్ ప్రోగ్రామ్. ఈ మధ్య కొన్ని స్ట్రీమర్లలో ముందే వేసి వస్తోంది. ఇందులో పాటల వరుస సర్వర్ చేతిలో ఉంటుంది, తర్వాతి ముక్క ముందే వచ్చి సిద్ధంగా ఉంటుంది. డోలు ఆగదు. కొనేముందు ఈ ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి. మిగతా హంగుల కన్నా నాకు ఇదే ముఖ్యం.

స్ట్రీమర్‌లో స్క్వీజ్‌లైట్ ఆన్ చేస్తే సర్వర్ దానంతట అదే కనబడాలి. మా ఇంట్లో కనబడలేదు. సాయంత్రమంతా అదే టెన్షన్. ఇంటర్నెట్ ఇచ్చినవాళ్లు పెట్టిన ఫైబర్ డబ్బా కింద ఉంది. పైన నా సొంత రౌటర్, దానికే సర్వర్. ఫైబర్ డబ్బా అడ్రస్‌లు 192.168.1తో, పై రౌటర్‌వి 192.168.0తో మొదలవుతాయి. అంటే ఒకే ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు. స్ట్రీమర్ "సర్వర్ ఎవరైనా ఉన్నారా?" అని 3483 నంబరు పోర్టు (ప్రోగ్రాములు మాట్లాడుకునే తలుపు లాంటిది) మీద అందరికీ వినబడేలా పిలుస్తుంది. ఆ పిలుపు రౌటర్ దాటి అవతలికి పోదు. వీధిలో ఎంత గట్టిగా అరిచినా పక్క ఊళ్లో వినబడనట్టే. పైగా పై రౌటర్ తన వెనకున్న కంప్యూటర్‌ను కింది నుంచి ఎవరూ చేరకుండా దాచేస్తుంది. పైనున్న ఫోన్‌లో సర్వర్ పేజీ తెరుచుకుంటూ, కింద స్ట్రీమర్‌కు మాత్రం దొరకకపోవడానికి ఇదే కారణం.

పరిష్కారం తేలిక. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాను. అప్పుడది సొంత నెట్‌వర్క్ పెట్టదు, కింది నెట్‌వర్క్‌నే పైకి అందిస్తుంది. ఆ మోడ్ లేని పాత రౌటరైతే దానికి 192.168.1 వరుసలోనే ఎవరూ వాడని అడ్రస్ ఒకటి ఇచ్చి, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, కింది నుంచి వచ్చే కేబుల్‌ను వాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టు నుంచి తీసి లాన్ (ఇంటి లోపలి వైపు) పోర్టులో పెడితే చాలు. ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అయింది, స్ట్రీమర్ సర్వర్‌ను పట్టుకుంది. తర్వాత ఫైబర్ డబ్బా సెట్టింగుల్లో సర్వర్‌కు ఒకే అడ్రస్ ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చేశాను. సర్వర్‌లో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను ఆపే కాపలా) ఉన్నవాళ్లు 3483 పోర్టును టీసీపీకీ యూడీపీకీ (డేటా పంపే రెండు పద్ధతులు) రెండింటికీ తెరవాలి, 9000ను టీసీపీకి తెరవాలి.

కేబుళ్ల గురించి ఒక మాట. సీడీ నాణ్యత పాటకు కుదించకుండా పంపినా సెకనుకు 1,411 కిలోబిట్లు చాలు. ఫ్లాక్‌లో ఇంకా తక్కువ. 100 మెగాబిట్ల లాన్‌కు అదొక లెక్క కాదు. మామూలు క్యాట్ 5ఈ కేబుల్ వేశాను. వేలు పోసి "ఆడియో" లాన్ కేబుల్ కొనమనే మాట నేను నమ్మను. ఆ డబ్బుతో ఇంకో హార్డ్ డిస్క్ కొని పాటలకు రెండో కాపీ పెట్టుకోండి.

స్ట్రీమర్ నుంచి ఆంప్లిఫయరు ఆక్స్‌కు (బయటి పెట్టెలను కలిపే చోటు) ఆర్‌సీఏ తీగ వేశాను. సర్వర్‌లో ఆ ప్లేయర్ సౌండ్‌ను నూరు శాతం దగ్గర కట్టేశాను, తగ్గించడం పెంచడం అంతా నాయిన చేతిలోని గుండ్రటి నాబ్‌తోనే. విడిగా ఆంప్లిఫయరు లేకుండా, లోపలే అది ఉండే పవర్డ్ స్పీకర్లకు నేరుగా కలిపేవాళ్లు మాత్రం ఇలా చేయొద్దు, చెవులు అదిరిపోతాయి.

ఎండాకాలం మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. వచ్చినప్పుడు స్ట్రీమర్ వెంటనే లేస్తుంది, డెస్క్‌టాప్ మాత్రం ఎవరో బటన్ నొక్కేదాకా లేవదు. బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రామ్), కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టాక ఆ మెట్లెక్కే పని కూడా తప్పింది.

నేను ఈ సర్వర్‌నే పట్టుకుని ఉండటానికి కారణం దాని చరిత్ర. స్లిమ్ డివైజెస్ అనే చిన్న కంపెనీ 2001లో తెచ్చిన ప్లేయర్‌తో ఈ కథ మొదలైంది, ఈ సర్వర్ పుట్టింది ఆ ప్లేయర్ కోసమే. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొన్నది, 2012లో ఆ ప్లేయర్‌కు వారసులైన స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్ల తయారీ ఆపేసింది. 2024లో వాటి ఆన్‌లైన్ సేవ కూడా మూతపడింది. సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి వాడేవాళ్లే దాన్ని నిలబెట్టి, అదే ఏడాది లిరియన్ అని పేరు మార్చారు. పెట్టెలు మారతాయి, కంపెనీలు పోతాయి. అందుకే పాటలు, పేర్లు, వరుసలు అన్నీ సర్వర్‌లోనే ఉంచాను. స్ట్రీమర్‌లో ఏదీ దాచలేదు. రేపు అది పాడైతే ఇంకోటి తెచ్చి తగిలిస్తాను.

పేర్లన్నీ తెలుగులోనే రాశాను. ఫ్లాక్ ట్యాగులు (ఫైలులో పాట, కళాకారుడి పేర్లు ఉండే గడులు) అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఫోన్‌లో చక్కగా కనబడతాయి. కానీ చాలా ఒగ్గు కథలకు కళాకారుడి గడి ఇంకా ఖాళీగానే ఉంది. క్యాసెట్ అట్టల మీద నాయిన ఊరి పేరు రాశాడు గానీ పాడినవాళ్ల పేర్లు రాయలేదు. పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వస్తే ఆయన పేరు దేశానికి తెలిసింది. ఈ డోలు కొట్టినవాళ్ల పేర్లు మా జిల్లాకైనా తెలియాలి. ఇప్పుడు హాల్లో కథ పెట్టినప్పుడు నాయిన పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటున్నా. "గీ గొంతు దేవరకద్ర దిక్కుది" అంటాడు, రాసుకుంటా. పాలమూరు ఒగ్గు గొంతులు గుర్తుపట్టగల పెద్దవాళ్లు మీ ఇళ్లలో ఉంటే చెప్పండి, రికార్డింగులు పంపిస్తాను.